బదులు పేర్లు

మా ఆయన ఎలక్షన్లో నిలబడ్డాడన్న సంగతి పాళెంలో అందరికంటే ఆఖరున తెలిసింది నాకే. ఊరి పని ఏది నెత్తికెత్తుకున్నా ఆయనది అదే తీరు. ఎవరి ఇంటి కప్పు గాలికి లేచిపోయినా, ఎవరికి నొప్పులొచ్చినా పడవ కట్టు విప్పేసి బయల్దేరతాడు. ఇంట్లో చెప్పడం తిరిగొచ్చాకే. ఆ రోజు పెద్దూరు నుంచి మిట్టమధ్యాహ్నం ఎండలో వచ్చి, చెంబెడు నీళ్ళు తాగి, జేబులోంచి మడతపెట్టిన కాగితం తీసి నా ముందు పరిచాడు. దాని మీద లాంతరు బొమ్మ ఉంది.

"ఏందయ్యా ఇది, లాంతరు కొంటావా?" అని అడిగాను.

"మన గుర్తు. ఏడో వార్డుకు నిలబడినా," అన్నాడు, రేపు వల ఉతకాలి అన్నంత మామూలుగా.

తిట్టాలనే అనుకున్నాను. కానీ ఆయన తాగిన చెంబు వైపు చూసి ఊరుకున్నాను. ఆ చెంబెడు నీళ్ళకు ఆ పొద్దున నేను ఎంతసేపు ఇసుకలో కూర్చున్నానో నాకు తెలుసు.

అది అరవై నాలుగో సంవత్సరం ఎండాకాలం. మా తాటిదిబ్బ పాళెం పులికాట్ సరస్సు ఒడ్డున ఉంది. సంతకు సూళ్లూరుపేటకు పోతాం, పంచాయతీ మాత్రం పెద్దూరుది. పంచాయతీ వాళ్ళ మంచినీళ్ళ పైపు పెద్దూరు బజారు చివరిదాకా వచ్చి ఆగిపోయింది. అక్కడి నుంచి మా పాళెం మైలు దూరం. సరస్సు నీళ్ళు నోట పెట్టలేం. దిబ్బల వెనక ఇసుకలో చెలమలు తీసి, ఊరిన నీళ్ళను కొబ్బరి చిప్పతో ముంచి బిందెలోకి పోసుకునేవాళ్ళం. ఎండలు ముదిరితే ఒక్క బిందె నిండడానికి సగం పూట పట్టేది. బజారు కుళాయికి పోతే అక్కడ మా బిందెలు ఎప్పుడూ ఆఖరే. మా వంతు వచ్చేసరికి కుళాయిలో గాలి తప్ప ఏమీ వచ్చేది కాదు.

ఏడో వార్డులో సగం బజారు, సగం మా పాళెం. అప్పటిదాకా మెంబరు బియ్యం మర శేషగిరయ్య గారు. మనిషి చెడ్డవాడు కాదు, ఎదురైతే బాగున్నారా అని పలకరిస్తాడు. పాళెం వైపు చూడాల్సిన అవసరం ఆయనకు ఎన్నడూ పడలేదు, అంతే. ఎందుకు పడలేదో మా ఆయన ఆ సాయంత్రమే లెక్కవేసి చూపించాడు. గుమ్మం ముందు కూర్చుని ఆలిచిప్పలు కుప్పలుగా పోశాడు. బజారుకు ఒక కుప్ప, పాళెం మగవాళ్ళకు ఒక కుప్ప. మర దగ్గర పనిచేసేవాళ్ళనీ, ఆ రోజుకు నీళ్ళ మీద ఉండేవాళ్ళనీ తీసి పక్కన పెట్టాడు. బజారులో తనకు వేసే నలుగురినీ ఇటు చేర్చాడు. ఎన్నిసార్లు పేర్చినా పది పదిహేను చిప్పలు తక్కువొస్తున్నాయి.

"ఆడోళ్ళ కుప్ప ఏదీ?" అన్నాను.

"ఆడోళ్ళు ఓటుకు రారు గదా," అన్నాడు. "మన పాళెంలో ఎప్పుడొచ్చినారు? బద్ధకం. ఎండలో నిలబడలేరంట."

నేను లేచి పొయ్యి దగ్గరికి పోయాను.

ఎండలో నిలబడలేకపోవడం కాదు. రెండేళ్ళ ముందు పెద్ద ఎలక్షన్లప్పుడు మేం ఎనిమిది మందిమి పోయాం. తలదువ్వుకుని, ఉతికిన చీరలు కట్టుకుని. మా పాళెంలో పెంచలమ్మలే తొమ్మిది మంది, గురవమ్మలు ఆరుగురు, నాతో కలిపి కామమ్మలు నలుగురం. జాబితాలో ఫలానా వాడి భార్య అన్నదాన్ని బట్టే ఏ మనిషి ఎవరో తెలిసేది. అక్కడ కూర్చున్న గుమాస్తా నా పేరు అడిగాడు, చెప్పాను. మీ ఆయన పేరేమిటి అన్నాడు. నేను నోరు మూసుకుని నిలబడ్డాను. మళ్ళీ అడిగాడు. నా వెనక బజారు మగవాళ్ళు నవ్వారు. మొగుడి పేరు తెలియని వాళ్ళకు ఓటెందుకని వాళ్ళలో ఒకడన్నాడు. మేం ఎనిమిది మందిమీ అలాగే వెనక్కి తిరిగి వచ్చేశాం. ఇంట్లో మాత్రం లైను పెద్దది, ఎండకు తట్టుకోలేకపోయాం అని చెప్పాం. ఆ సిగ్గుకంటే బద్ధకమన్న పేరే నయమనిపించింది.

మొగుడి పేరు పలికితే ఆయన ఆయుష్షు తగ్గుతుందని మా అమ్మ నాకు చెప్పింది, ఆమెకు వాళ్ళమ్మ చెప్పింది. నిజమో కాదో ఎవరు పరీక్ష చేసి చూస్తారు? నీళ్ళ మీద బతికేవాళ్ళం. పొద్దున పోయిన మనిషి గాలి తిరిగితే సాయంత్రానికి వస్తాడో రాడో తెలియదు. అలాంటి బతుకులో ఆ మాటతో మేం ఆటలాడం. పెళ్ళయి పదకొండేళ్ళయినా ఆ పేరు నా నోట ఒక్కసారి రాలేదు. ఆయన్ని పిలవాలంటే ఏమయ్యా, ఇంకొకరికి చెప్పాలంటే మా ఇంటాయన.

ఇలాంటి నేను ఆయనకు ఓట్లడగడానికి బయల్దేరాను. ఆ సంబరం చెప్పనలవి కాదు. లాంతరు బొమ్మ కాగితం పట్టుకుని గడప గడపకూ పోయి, ఓటు వెయ్యండమ్మా అంటాను, ఎవరికి అంటే కాగితం చూపిస్తాను. ఒక ముసలామె లాంతరు బాగుంది గానీ మాకుందిలే అమ్మా అని పంపేసింది.

అప్పుడొకరోజు ఇసుకలో చేపలు ఎండబెడుతున్నాం. నా చేపలను పక్కింటి గురవమ్మ తిప్పుతోంది, ముందు రోజు దాని చేపలు నేను తిప్పాను. మా ఆడవాళ్ళలో పనులన్నీ అలాగే బదులు మీద నడుస్తాయి. ఈ రోజు నీకు నేను, రేపు నాకు నువ్వు. గురవమ్మకు నా ఓట్ల తిరుగుడంతా తెలుసు, తెగ నవ్వేది.

"అక్కా, నీ మొగుడి పేరు నేను చెప్తా, నా మొగుడి పేరు నువ్వు చెప్పు. చేపలు తిప్పుకోలా, ఇదీ అంతే," అంది, ఊరికే ఎగతాళికి.

నేను చేతిలో ఉన్న చేపను కింద పెట్టేశాను. రెండేళ్ళుగా మా గొంతుకు అడ్డం పడ్డ ముల్లు అంత సులువుగా ఊడొస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు. మరి ఓట్లప్పుడు అట్లా చెయ్యకూడదా అన్నాను. గురవమ్మ నవ్వు ఆపి నా వంక చూసింది.

అనుకోవడం తేలికే, చెయ్యబోతే తలప్రాణం తోకకొచ్చింది. పాళెమంతా ఒకరికొకరం చుట్టాలం. మొగుడి పేరొక్కటే కాదు, మామ పేరు, బావగారి పేరు కూడా మా నోట రాకూడదు. తోడికోడళ్ళను జత కలపలేను, చిన్నామె పెద్దామె మొగుడి పేరు చెప్పదు. అత్తనూ కోడలినీ అసలే కలపలేను. మా ఆయన చేత ఓటర్ల జాబితా రెండుసార్లు చదివించుకున్నాను. ఎందుకే అన్నాడు, ఎంతమంది పెంచలమ్మలున్నారో చూద్దామని అన్నాను. తర్వాత ఆయన ఆలిచిప్పలే తీసుకుని, ఒక్కో చిప్పను ఒక్కో ఆడమనిషి అనుకుని, మూడు మధ్యాహ్నాలు జతలు పేర్చాను, చెరిపాను, మళ్ళీ పేర్చాను. రామని మొండికేసిన వాళ్ళు పోగా నలభై ఆరు మంది తేలారు. ఇరవై మూడు జతలు. ఒక్కొక్కరి ఇంటికీ పోయి, నీ జత ఫలానా మనిషి, ఆమె ఇంటాయన పేరు ఇది అని చెవిలో చెప్పి, రెండుసార్లు అప్పజెప్పించుకున్నాను.

మాలకొండమ్మ కోడలు నాగులమ్మ కొత్తగా వచ్చిన పిల్ల. దాని మొగుడి వైపు చుట్టాలు పాళెంలో సగం మంది, ఎవరితో జత కట్టినా ఏదో ఒక వరస అడ్డం వచ్చేది. చివరకు గురవమ్మ ఒక్కతే కుదిరింది. గురవమ్మ ఇంటాయన పేరు ఓబయ్య, గుర్తుపెట్టుకో అని చెప్పాను. నాగులమ్మ తల వంచుకుంది, మాట్లాడలేదు. వాళ్ళత్త చేపల గంపతో సూళ్లూరుపేట పోయి ఉంది. కొత్త కోడలు, సిగ్గుపడుతోంది అనుకుని వచ్చేశాను.

మా ఆయనకు మాత్రం ఏమీ చెప్పలేదు. చెప్పాలంటే ఆ ఎనిమిది మంది సంగతీ చెప్పాలి.

పోలింగు పెద్దూరు బడిలో. పొద్దున మగవాళ్ళు పోయి ఓట్లేసి వచ్చారు. పది గంటలకు మేం దిబ్బ దిగి ఒకరి వెనక ఒకరు నడిచిపోతుంటే బజారులో కొట్ల వాళ్ళు లేచి నిలబడి చూశారు. మా ఆయన అభ్యర్థి కాబట్టి లోపల బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. కిటికీలోంచి మమ్మల్ని చూసి సగం లేచి మళ్ళీ కూర్చున్నాడు. పొద్దున ఎవరికో దారి చూపించబోయి, లోపల ఓటర్లతో మాట్లాడితే బయటికి పంపిస్తానని ఆఫీసరు చేత అప్పటికే ఒకసారి చివాట్లు తిన్నాడట.

ఆ ఆఫీసరు గూడూరు వైపు నుంచి వచ్చిన బడిపంతులు, పేరు సమాధానం. ఈ ఊళ్ళో ఎవరినీ ఎరగడు. కళ్ళద్దాలు, మెత్తని గొంతు. మొదటి జత లోపలికి పోయింది. పెంచలమ్మ తన పేరు చెప్పింది, భర్త పేరు అడగ్గానే పక్కనున్న ఆమె అందుకుని చెప్పింది. శేషగిరయ్య గారి ఏజెంటు లేచి అడ్డం తగిలాడు. ఒకామె తోడొచ్చి అందరి పేర్లూ చెప్పుకుంటూ పోతే ఇది ఓటా, హరికథా అన్నాడు.

సమాధానం పంతులు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఇట్లా చెప్పొచ్చని నా పుస్తకంలో లేదు. చెప్పకూడదని కూడా లేదు," అన్నాడు. "ఎవరి పేరు వాళ్ళే చెప్పాలి. భర్త పేరు తెలిసిన ఇంకో ఓటరు చెప్పొచ్చు. కాకపోతే ఒకరు ఒకరికే చెప్పాలి, రెండో మనిషికి చెప్తే ఒప్పుకోను."

ఏజెంటు కూర్చున్నాడు. మా జతలకు సరిగ్గా సరిపోయిన మాట అది. నేను లైను చివర నిలబడి, ఒక్కో జత వేళ్ళ మీద సిరాతో బయటికొస్తుంటే చూస్తున్నాను. కొందరు ఆ వేలిని కొంగుకు తగలకుండా ఎత్తి పట్టుకుని నడుస్తున్నారు. నాకు కడుపు నిండిపోయింది.

ఆఖరున రెండు జతలు మిగిలాయి. గురవమ్మ, నాగులమ్మ ఒకటి. నేను, నా జత పెద్ద పెంచలమ్మ ఒకటి. నాగులమ్మ పేరుకు గురవమ్మ సాక్ష్యం చెప్పింది, నాగులమ్మ ఓటు వేసింది. ఇక గురవమ్మ వంతు. నాగులమ్మ పక్కన నిలబడి నోరు తెరవలేదు. కళ్ళ నిండా నీళ్ళు. గురవమ్మ దాని చెయ్యి గిల్లింది. అయినా పలకలేదు. అప్పటికే ఓటేసి వాకిట్లో నిలబడ్డ మాలకొండమ్మ సంగతేమిటని నన్ను అడిగింది. చెప్పాను. ఆమె నెత్తి కొట్టుకుంది.

"అది మా ఇంటి పెద్దాయన పేరు మే. చచ్చిపోయినా దాని మామ పేరే గదా. అది ఎట్టా అంటాది?"

ఆ పెద్దాయనను నేనెరుగుదును. ఒకప్పుడు పెద్ద పడవ నడిపినవాడని పాళెమంతా సరంగు తాత అనే పిలిచేవాళ్ళం. ఆయన ఇంట్లో ఎవరూ ఆయన పేరు పలకరు, బయటి వాళ్ళకు ఆయన సరంగు, జాబితాలో మాలకొండమ్మ పేరు పక్కన కూడా సరంగు అనే ఎక్కింది. ఆయన పేరు ఓబయ్య అని నాకెవరు చెప్తారు? పాపం ఆ పిల్ల ఆ రోజు నాకు ఎందుకు కుదరదో చెప్పాలన్నా ఆ పేరు జోలికి పోవాలి కదా అని తల వంచుకుంది. నేను సిగ్గనుకున్నాను. జాబితా అంతా నోటికొచ్చిందని విర్రవీగినందుకు నాకు తగిన శాస్తి జరిగింది.

ఆలోచించుకోవడానికి టైము లేదు. పెద్ద పెంచలమ్మను గురవమ్మ పక్కకు తోశాను. ఆమె ఓబయ్య అంది, గురవమ్మ ఓటేసింది. తర్వాత పెంచలమ్మకు నేను సాక్ష్యం చెప్పాను, ముత్యాలయ్య అని. ఆమె కూడా ఓటేసింది. ఇక నేను ఒక్కదాన్నే. నాకు చెప్పడానికి నాగులమ్మ మిగిలింది గానీ, మా ఆయన దానికి బావగారి వరస. ఆ పేరూ దాని నోట రాకూడదు. మిగతా అందరూ చెప్పేసినవాళ్ళే.

"పోనీలే అక్కా, ఒక్క ఓటే గదా," అంది గురవమ్మ గుమ్మంలోంచి.

ఒక్క ఓటే. కానీ వాళ్ళందరినీ నమ్మించి మైలు దూరం నడిపించుకొచ్చింది నేను. నేనే వెనక్కి తిరిగితే రెండేళ్ళ కిందటి నవ్వు మళ్ళీ నా వీపున పడుతుంది, నాతోపాటు వాళ్ళందరి మీదా పడుతుంది. లోపలికి పోయాను.

"పేరు?" అన్నాడు పంతులు.

"కామమ్మ."

ఆయన జాబితాలో వేలు పెట్టి నలుగురు కామమ్మల దగ్గర ఆగాడు. "భర్త పేరమ్మా?"

మా ఆయన బెంచీ మీద నుంచి లేవబోయాడు. పంతులు తల ఎత్తకుండానే చెయ్యి ఎత్తి ఆయన్ని కూర్చోబెట్టాడు. నాకు సరస్సు గుర్తొచ్చింది, ఆయన పడవ గుర్తొచ్చింది. గంగమ్మా, కుళాయి కోసమే తల్లీ, అనుకున్నాను.

"చిన్నపోలయ్య," అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. పంతులు టిక్కు పెట్టి కాగితం ఇచ్చాడు. నేను మా ఆయన వైపు చూడకూడదనుకుంటూనే చూశాను. ఆయన తలవంచుకుని, బెంచీ మీద లేని దుమ్మును అరచేత్తో తుడుస్తున్నాడు.

సాయంత్రమే లెక్కపెట్టారు. ఇరవై తొమ్మిది ఓట్ల మెజారిటీ. కుర్రకారు లాంతర్లు వెలిగించుకుని మా వాకిట్లోకి వచ్చారు. శేషగిరయ్య గారు కూడా మనిషి చేత నిమ్మకాయల బుట్ట పంపించాడు. ఆడవాళ్ళు అన్ని ఓట్లు ఎలా వేశారని మగవాళ్ళు ఒకటే ఆశ్చర్యపోయారు. ఆడవాళ్ళం ఒకరి మొహాలొకరం చూసుకుని నవ్వుకున్నాం. ఆ ఎనిమిది మంది సంగతి మా ఆయనకు ఆ సాయంత్రం చెప్పాను. "నేను బద్ధకమన్నా గదా మీ అందరినీ," అన్నాడు. తప్పయిందన్న మాట ఆయన నోట రాలేదు గానీ, మర్నాడు పొద్దున నేను లేచేసరికి చెలమ దగ్గర ఆయనే కూర్చుని బిందె నింపుతున్నాడు.

అయితే ఆ బిందె దింపి పడవెక్కి పోయాడు. ఆ రోజు నేను చేసిన పని ఒక్కటీ సరిగ్గా కాలేదు. కూరలో ఉప్పు రెండుసార్లు వేశాను. మధ్యాహ్నం గాలి కొంచెం తిరగ్గానే ఒడ్డుకు పోయి నిలబడ్డాను. గంగమ్మకు మొక్కుకున్నాను, తప్పు నాది, ఆయనది కాదు అని. పొద్దు వాలే వేళకు ఆయన పడవ కనిపించింది. గంప నిండా రొయ్యలు, మొహాన నవ్వు. నన్ను చూసి ఎందుకు ఏడుస్తున్నావని అడిగాడు. ఇసుక పడిందన్నాను.

వానలు పడేలోపల పైపు వేయించాడు. అందుకోసం ఎన్నిసార్లు పెద్దూరు తిరిగాడో, ఎంతమంది బల్లల ముందు నిలబడ్డాడో చెప్పాలంటే అదొక కథ. దసరాకు ముందు ఒక సాయంత్రం పాళెం నడిమధ్యలో కుళాయి తిప్పారు. మొదట బురద నీళ్ళు వచ్చాయి, తర్వాత తెల్లటి నీళ్ళు. మొదటి బిందె నాగులమ్మది. అందరం కలిసి దాన్నే ముందుకు తోశాం, వద్దు వద్దంటున్నా.

ఆ సాయంత్రం మా ఆయన వాకిట్లో వల చిరుగులు కట్టుకుంటున్నాడు. నేను గుమ్మంలో కూర్చుని కొత్త నీళ్ళతో పొయ్యి మీద పెట్టిన అన్నం పొంగుతుంటే చూస్తున్నాను.

"ఆ రోజు పంతులుకు ఏం చెప్పినావు నువ్వు?" అన్నాడు, వల మీద నుంచి తలెత్తకుండా.

"విన్నావు గదా."

"సరిగ్గా వినపడలా. ఇంకోసారి చెప్పు."

నాకు నవ్వొచ్చింది. సిగ్గేసింది కూడా, పెళ్ళయిన కొత్తలో కూడా అంత సిగ్గేయలేదు. "మళ్ళీ ఎలక్షన్ రానీ. అప్పుడు చెప్తా," అన్నాను.

ఆ తర్వాత వచ్చిన పంచాయతీ ఎలక్షన్లన్నిట్లోనూ ఆయన నిలబడ్డాడు. రెండుసార్లు గెలిచాడు, ఒకసారి ఓడాడు, ఓడినా బాధపడలేదు. ఆయన నిలబడేది వీధి దీపాల కోసమని పాళెంలో కొందరంటారు, బడి కోసమని కొందరు. అవి కూడా నిజమే. ఇప్పుడు నాకు జతకు పాళెంలో ఎంతమంది కావాలన్నా దొరుకుతారు గానీ, నేను ఒక్కదాన్నే లోపలికి పోతాను. ఆయన పొద్దున్నే పోయి బెంచీ మీద కూర్చుని ఉంటాడు. నా వంతు వచ్చి, ఆఫీసరు భర్త పేరేమిటని అడగ్గానే తల వంచుకుని, బెంచీ తుడవడం మొదలుపెడతాడు.